పదో వంతు కారు: రేడియో నియంత్రిత టూరింగ్ కారు మెరుగుదల చరిత్ర



ఈనాటి పాఠంలో మనం ఒక చిన్న కారు చరిత్రను తెలుసుకుందాం. ఇది అసలు కారు పరిమాణంలో పదో వంతు ఉంటుంది. పొడవు సుమారు 40 నుంచి 45 సెంటీమీటర్లు, బరువు దాదాపు ఒకటిన్నర కిలో. చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో తరంగాలతో నడుస్తుంది. దీనిని రేడియో నియంత్రిత టూరింగ్ కారు అంటారు.

బజారులో దొరికే రిమోట్ బొమ్మ కారును మీరందరూ చూసే ఉంటారు. దానికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బొమ్మ కారు పాడైతే పక్కన పడేస్తాం. దాని గేరు విడిగా కొనలేం, మోటారు మార్చలేం. హాబీ తరగతికి చెందిన ఈ కారు చాలావరకు విడి భాగాలుగా, ఒక పెట్టెలో వస్తుంది. మరలు బిగించి మనమే తయారు చేసుకోవాలి. ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది, ప్రతి భాగాన్నీ మరింత మెరుగైన దానితో మార్చుకోవచ్చు.

చరిత్ర పాఠంలో ఈ కారుకు చోటెందుకు అని మీకు సందేహం రావచ్చు. ఒక యంత్రం ఎలా మెరుగవుతుంది? ఎవరో ఒక మేధావి ఒక్కరోజులో మెరుగుపరుస్తాడా? ఒక లోపాన్ని సరిచేస్తే మరో లోపం బయటపడుతూ, తరాల తరబడి సాగే పనా? రైలు ఇంజను చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే వందేళ్ళ పత్రాలు తిరగెయ్యాలి. ఈ చిన్న కారులో అయితే అదే జవాబు బల్ల మీద, కొన్ని వారాల్లో, మన చేతులతోనే దొరుకుతుంది.

తీగ లేని ఆజ్ఞ

దూరం నుంచి, తీగ లేకుండా ఒక వస్తువును పనిచేయించడం పందొమ్మిదో శతాబ్దం చివరి పదేళ్ళలో సాధ్యమైంది. 1895లో కలకత్తాలో జగదీశ్‌చంద్ర బోస్ విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, అవతలి వైపున్న గంటను మోగించి చూపారు, తుపాకి మందును పేల్చి చూపారు. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఒక నీటి తొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపించారు. అదే ఏడాది నవంబరు 8న దానికి అమెరికా పేటెంటు లభించింది.

ఈ రెండు ప్రదర్శనల మధ్య ఉన్న తేడాను గమనించండి. బోస్ ప్రయోగంలో తరంగం ఒక పనిని ప్రారంభించింది. టెస్లా ప్రయోగంలో తరంగం కదులుతున్న వస్తువుకు దారి చూపింది. మన చిన్న కారు ఈ రెండో కోవకు చెందినది.

బొమ్మ నుంచి నమూనాకు

ఆ తరువాత సుమారు డెబ్బై ఏళ్ళ వరకు ఇటువంటి కారు బజారులోకి రాలేదు. వాల్వులతో పనిచేసే రేడియో పెద్దది, బరువైనది. దాన్ని చిన్న కారులో ఇమడ్చడం సాధ్యం కాలేదు. ట్రాన్సిస్టర్ వచ్చి రేడియోను కుదించిన తరువాతే దారి తెరుచుకుంది. ఇటలీలోని రెజ్జో ఎమీలియాకు చెందిన ‘ఎలెత్రోనికా జొకాత్తోలి’ అనే సంస్థ 1966లో ఫెరారీ 250 ఎల్‌ఎమ్ కారు నమూనాను పన్నెండో వంతు పరిమాణంలో తెచ్చింది. అమ్మకానికి వచ్చిన తొలి రేడియో కార్లలో ఇది ఒకటి.

ఈ రంగాన్ని సామాన్యుల దగ్గరకు చేర్చినది జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తమియా సంస్థ. 1946లో కలప కోత మిల్లుగా మొదలైన ఈ సంస్థ ముందు చెక్క నమూనాలు, తరువాత ప్లాస్టిక్ నమూనాలు తయారు చేసింది. 1976 డిసెంబరులో పోర్షె 934 కారును పన్నెండో వంతు పరిమాణంలో, విద్యుత్ మోటారుతో విడుదల చేసింది. అప్పటిదాకా బీరువాలో పెట్టుకుని చూసుకునే నమూనా ఇప్పుడు పరుగెత్తసాగింది. దానితో పాటే ‘ఇంకా వేగంగా పోతుందా?’ అనే ప్రశ్న కూడా పుట్టింది. మెరుగుదల చరిత్ర ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

టూరింగ్ కారు పుట్టుక

1980లలో ఈ రంగాన్ని ఏలినవి బగ్గీలు. ఎత్తైన చక్రాలతో మట్టిలో, గుంతల్లో పరుగెత్తే బండ్లవి. నున్నని దారిపై నడిచే కార్లు కూడా ఉండేవి. కానీ నేలకు ఆనుకుని ఉండే ఆ కార్లకు పరచిన తివాచీ వంటి నేల కావాలి. నగరంలో నివసించే కుర్రవాడికి మట్టి మైదానమూ లేదు, తివాచీ పరచిన హాలూ లేదు. ఇంటి ముందు తారు రోడ్డు, వాహనాలు నిలిపే ఖాళీ స్థలం మాత్రం ఉన్నాయి.

ఆ స్థలానికి తగిన కారును తమియా 1991లో తెచ్చింది. దాని చట్రం పేరు టీఏ01. అంతకు ముందు ఏడాది వచ్చిన మాంటా రే అనే బగ్గీ గేరుపెట్టెలనే తీసుకుని, కారును కిందికి దించి, రబ్బరు టైర్లు తొడిగి, పైన మామూలు రోడ్డు కారు ఆకారాన్ని కప్పారు. నాలుగు చక్రాలకూ మోటారు శక్తి అందుతుంది. కొత్త యంత్రం అంటే అంతా కొత్తగా కనిపెట్టినది కానక్కరలేదని ఇక్కడ మనకు తెలుస్తుంది. ఉన్న భాగాలను కొత్త అవసరానికి అమర్చడం కూడా ఆవిష్కరణే.

ఆ కారు త్వరలోనే ఒక కొత్త పోటీ తరగతికి దారి తీసింది. 1998 నాటికి టూరింగ్ కార్లకు విడిగా ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. తమియా కార్లతో జర్మనీకి చెందిన మార్క్ రైనార్డ్ 2004, 2008, 2010 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ పోటీ కార్లు ఖరీదైనవి. కొత్తగా నేర్చుకునేవారి కోసం అదే సంస్థ 2003లో టీటీ-01ను, 2013లో టీటీ-02ను తెచ్చింది. మెరుగుదలను ఒక్కొక్క మెట్టుగా చూడటానికి టీటీ-02 చక్కని ఉదాహరణ.

మొదటి మెట్టు: ఇరుసు దగ్గర ఘర్షణ

తక్కువ ధరలో అందించే చట్రాలలో ఇరుసులు సాధారణ బుష్‌లలో తిరుగుతాయి. అంటే ఒక ఉపరితలం మరో ఉపరితలాన్ని రాసుకుంటూ పోతుంది. బ్యాటరీలోని శక్తిలో కొంత ఈ రాపిడిలో వేడిగా మారి వృథా అవుతుంది. దుమ్ము చేరితే బుష్ అరిగి చక్రం ఊగుతుంది. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు రాస్తారో తెలిసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అనుభవజ్ఞులందరూ సూచించే మొదటి మార్పు బాల్ బేరింగులు. జారే రాపిడి స్థానంలో దొర్లే గుండ్లు వస్తాయి. వేల్స్‌లోని కార్మార్తెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసుకు గుండ్ల బేరింగు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మీరు చిన్న బేరింగును వేలితో నొక్కి అమర్చే క్షణంలో రెండు వందల ఏళ్ళకు పైబడిన ఆలోచనను మళ్ళీ అమలు చేస్తున్నారన్నమాట. దీనివల్ల మోటారు శక్తి పెరగదు. పోతున్న శక్తి మిగులుతుంది. ముందు వృథాను ఆపాలి, తరువాతే శక్తిని పెంచాలి. ఇది మొదటి సూత్రం.

రెండో మెట్టు: గేర్ల లెక్క

టీటీ-02లో మోటారుపై ఉండే చిన్న గేరుకు 22 పళ్ళు, అది తిప్పే పెద్ద గేరుకు 70 పళ్ళు. లోపలి గేర్ల నిష్పత్తి 2.6. కనుక మొత్తం నిష్పత్తి 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27. అంటే మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

మోటారు నిమిషానికి 15,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. చక్రం చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. అప్పుడు చక్రం నిమిషానికి సుమారు 1,814 చుట్లు తిరిగి, కారు గంటకు దాదాపు 22 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇప్పుడు పెద్ద గేరుకు 68, చిన్న గేరుకు 27 పళ్ళు ఉండేట్టు మార్చితే నిష్పత్తి 6.55 అవుతుంది. అదే మోటారుతో వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది.

రెండు చిన్న గేర్లతో ఇంత లాభమా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. కానీ ప్రకృతి దగ్గర ఉచితంగా ఏదీ దొరకదు. నిష్పత్తి తగ్గితే చక్రం దగ్గర తిప్పే బలం తగ్గుతుంది. మోటారు అదే బరువును లాగడానికి ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది, వేడెక్కుతుంది. గేరు సమస్య ఇప్పుడు మోటారు సమస్యగా మారింది. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే: మెరుగుదల లోపాన్ని మాయం చేయదు, దాని చోటు మారుస్తుంది.

మూడో మెట్టు: మోటారు, బ్యాటరీ

తొలి దశాబ్దాలలో వాడినవి కార్బన్ బ్రష్‌లున్న మోటార్లు. తీగ చుట్టలో చుట్లు తగ్గిస్తే మోటారు వేగం పెరుగుతుంది, విద్యుత్ ప్రవాహమూ పెరుగుతుంది. ప్రవాహం పెరిగితే బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేచి కమ్యుటేటర్ గరుకెక్కుతుంది. అందుకే నాటి పందెగాళ్ళు అరచేతిలో పట్టేంత చిన్న లేత్ యంత్రంతో కమ్యుటేటర్‌ను చెక్కి నున్నగా చేసుకునేవారు. మోటారు కొన్నవాడికి లేత్ కూడా కొనక తప్పేది కాదు.

వేగాన్ని అదుపు చేసే పద్ధతీ మారింది. మొదట్లో ఒక చిన్న సర్వో మోటారు లోహపు నాలుకను కదిపి విద్యుత్ నిరోధాన్ని మార్చేది. సగం వేగంతో పోతున్నప్పుడు మిగతా శక్తి నిరోధంలో వేడిగా పోయేది. 1959–60లో బెల్ ప్రయోగశాలలో రూపొందిన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ వారసులు ఈ స్థానాన్ని ఆక్రమించాయి. ఇవి విద్యుత్తును సెకనుకు వేలసార్లు కలుపుతూ, తెంచుతూ వేగాన్ని నిర్ణయిస్తాయి. వృథా చాలావరకు తగ్గింది.

2000ల తొలి సంవత్సరాలలో బ్రష్‌లు లేని మోటార్లు వచ్చాయి. వీటిలో తిరిగే భాగం అయస్కాంతం. తీగ చుట్టలు కదలవు. 1980ల తొలి భాగంలో జపాన్, అమెరికాలలో వెలువడిన నియోడిమియం అయస్కాంతాలు లేకపోతే ఇంత చిన్న మోటారులో ఇంత బలం ఉండేది కాదు. రాసుకునే బ్రష్ లేదు కనుక లేత్ యంత్రం పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఇక లోపం బ్యాటరీ దగ్గరకు చేరింది. 1980లలో వాడిన నికెల్ కాడ్మియం బ్యాటరీలో 1.2 వోల్టుల ఘటాలు ఆరు ఉండేవి, మొత్తం 7.2 వోల్టులు. సామర్థ్యం 1,200 మిల్లీ ఆంపియర్ గంటలు ఉంటే గొప్ప. తరువాత నికెల్ మెటల్ హైడ్రైడ్, ఆ తరువాత రెండు ఘటాలతో 7.4 వోల్టులిచ్చే లిథియం పాలిమర్ వచ్చాయి. నేడు 5,000 మిల్లీ ఆంపియర్ గంటలు మామూలు సంగతి. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో బజారులోకి వచ్చింది. దానికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. లిథియం పాలిమర్ బ్యాటరీని తగిన ఛార్జరుతోనే, మంట అంటుకోని తలంపై, ఎదురుగా మనిషి ఉండగానే ఛార్జ్ చేయాలి. ఉబ్బిన లేదా దెబ్బతిన్న బ్యాటరీని మళ్ళీ వాడకూడదు. కాలిపోయే ప్రమాదం నిజమైనది. శక్తి ఎంత దట్టంగా నిలువ ఉంటే, అది అదుపు తప్పినప్పుడు అపాయం అంత పెద్దది.

నాలుగో మెట్టు: మలుపు

నేరుగా పోయే వేగం ఎంత పెరిగినా మలుపులో కారు తిరగబడితే లాభం లేదు. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో, బయటి చక్రం పెద్ద వృత్తంలో తిరుగుతాయి. కనుక లోపలి ముందు చక్రం ఎక్కువ కోణంలో వంగాలి. ఈ ఏర్పాటును మ్యూనిక్ బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించగా, 1818లో ఇంగ్లండులో అతని తరఫున పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ అకర్మన్ పేరు దానికి స్థిరపడిపోయింది. గుర్రపు బండి కోసం పుట్టిన ఆ సూత్రమే నేడు ఈ చిన్న కారు స్టీరింగ్ కడ్డీలలో ఉంది. కడ్డీల కీళ్ళలో వదులు ఉంటే ఎంత మంచి సూత్రమైనా పనిచేయదు. అందుకే స్టీరింగ్ భాగాలను గట్టి పరచడం కూడా ముఖ్యమైన మార్పే.

రెండు వైపుల చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ కావాలి. ఇది కూడా పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగం నాటిదే. దీనిలో మన చిన్న కార్ల రంగం తన వంతు చేర్చింది. బ్రిటన్‌కు చెందిన సెసిల్ షూమాకర్ పందెపు కార్ల ఇంజన్లు చేసే కాస్‌వర్త్ సంస్థలో పనిచేసిన ఇంజనీరు. ఆయన చిన్న కార్ల కోసం, బిగుతును మార్చుకోగల గుండ్ల డిఫరెన్షియల్‌ను రూపొందించి 1980లో సొంత సంస్థను ప్రారంభించారు. ఒక హాబీలో ఎదురైన లోపం ఒక పరిశ్రమకు పునాది అయింది.

తరువాత డాంపర్లు. చవక కారులో స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంతలో పడిన కారు బంతిలా ఎగురుతూనే ఉంటుంది. సిలికాన్ నూనె నింపిన డాంపర్ ఆ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. నూనె చిక్కదనాన్ని బట్టి కారు ప్రవర్తన మారుతుంది. చివరగా టైర్లు. పైన చెప్పిన శ్రమ అంతా నేలకు చేరేది నాలుగు చోట్ల, ఒక్కో చోట కొద్దిపాటి రబ్బరు ద్వారానే. టైరు పట్టు లేనివాడికి పెద్ద మోటారు బరువు మాత్రమే.

అయిదో మెట్టు: రేడియో

పాత ట్రాన్స్‌మిటర్లు ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ పరిసరాలలో పనిచేసేవి. ఏ కారుకు ఏ పౌనఃపున్యమో ఒక చిన్న స్ఫటికం నిర్ణయించేది. ఇద్దరి దగ్గర ఒకే స్ఫటికం ఉంటే ఒకరి ఆజ్ఞకు మరొకరి కారు స్పందించి గోడకు గుద్దుకునేది. అందుకే పోటీల దగ్గర ఏ పౌనఃపున్యం ఎవరి చేతిలో ఉందో లెక్క ఉంచేవారు.

2000ల మధ్యకాలం నుంచి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చి ఈ చిక్కును తొలగించాయి. వీటిలో అనేకం ఒకే పౌనఃపున్యం వద్ద నిలవక, ముందే కుదుర్చుకున్న క్రమంలో ఒకదాని నుంచి మరొకదానికి దూకుతూ ఉంటాయి. ఈ ఆలోచనకు ఒక పాత రూపం ఉంది. సినీ నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ ఆంథైల్ కలిసి, టార్పెడోను నడిపే రేడియో ఆజ్ఞను శత్రువు అడ్డుకోకుండా ఉండేందుకు ఇటువంటి పద్ధతికే 1942లో పేటెంటు పొందారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేదని ప్రభుత్వం 2005 జనవరిలో ప్రకటించింది.

రంగుల తొడుగు

కారు పై తొడుగు పాలీకార్బనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్. 1953లో జర్మనీ, అమెరికాలలో విడివిడిగా రూపొందిన ఈ పదార్థం వంగుతుంది గాని సులభంగా పగలదు. దీనికి రంగు లోపలి వైపు నుంచి వేస్తారు. బయట గీతలు పడినా రంగు చెక్కుచెదరదు. అయితే క్రమం తలకిందులు: పైకి కనిపించవలసిన గీతలు, అక్షరాలు ముందు వేయాలి, నేపథ్యం రంగు చివర వేయాలి. తంజావూరు గాజు చిత్రాలు వేసే కళాకారులు గాజు వెనుక నుంచి వేసే పద్ధతీ ఇదే. కళ్ళు, నగలు ముందు, ఆకాశం చివర. కారు మన సొంతమని చెప్పేది ఈ తొడుగే. వేగానికి దీనితో పెద్దగా పని లేకపోయినా, చాలామంది ఎక్కువ సమయం గడిపేది దీని దగ్గరే.

డబ్బు పందెం, నియమం అడ్డుకట్ట

విద్యార్థులారా! ఇప్పటివరకు మనం చెప్పుకున్న ప్రతి మార్పుకూ డబ్బు కావాలి. అల్యూమినియం భాగాలు, కార్బన్ ఫైబర్ చట్రం, కొత్త మోటారు కొంటూ పోతే, మార్పుల ఖర్చు అసలు కారు ధరను సులభంగా దాటుతుంది. అప్పుడు గెలుపు నేర్పుదా, జేబుదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఆటకు కొత్తవారు రారు. కొత్తవారు రాని ఆట కొన్నాళ్ళకు మూతపడుతుంది.

పోటీల నిర్వాహకులు దీనిని గ్రహించి ‘స్టాక్’ తరగతులను ఏర్పాటు చేశారు. అందరూ ఒకే స్థాయి మోటారు వాడాలి. బ్రష్ మోటార్ల కాలంలో 27 చుట్ల మోటారు, తరువాత 17.5 చుట్ల బ్రష్ లేని మోటారు వంటివి. వేగ నియంత్రకం మోటారుకు అదనపు బలం ఇవ్వని స్థితిలో ఉంటే దాని దీపం మిణుకుమిణుకుమంటుంది. నిర్వాహకుడు ఆ దీపాన్ని చూసి నియమం పాటించారో లేదో తెలుసుకుంటాడు. మోటారు సమానమైనప్పుడు గెలుపు గేరు ఎంపికలో, డాంపరు నూనెలో, మలుపు తిప్పే చేతిలో ఉంటుంది. హద్దు పెట్టడం వల్ల నేర్పు ఆగలేదు, డబ్బు వెళ్ళలేని సందుల్లోకి వెళ్ళింది.

మన ఇంజనీరింగ్ కళాశాలల సాంకేతికోత్సవాలలో ఇటువంటి కార్ల పోటీలు జరుగుతూ ఉంటాయి. అక్కడ మీరు రెండు రకాల విద్యార్థులను చూడవచ్చు. ఒకరు ఖరీదైన భాగాలన్నీ ఒకేసారి బిగించి వస్తారు. కారు సరిగా నడవకపోతే ఏ మార్పు వల్లనో వారికి తెలియదు. మరొకరు ఒక్కసారి ఒక్క భాగమే మార్చి, ఒకే దారిలో నడిపి, కాలం కొలిచి, నోటు పుస్తకంలో రాసుకుంటారు. వారి కారు నెమ్మదిగా మెరుగవుతుంది. కానీ ప్రతి మార్పు ఏం చేసిందో వారికి తెలుసు. విరిగిన భాగాన్ని ఊళ్ళోని లేత్ షాపులో చేయించుకునే ధైర్యం కూడా వారికే ఉంటుంది. మొదటివారు వినియోగదారులు. రెండోవారు ఇంజనీర్లు.

సారాంశం

రేడియో ఆజ్ఞ 1890లలో పుట్టింది. ట్రాన్సిస్టర్ రాకతో 1966 నాటికి రేడియో కారు బజారులోకి వచ్చింది. 1991లో టూరింగ్ కారు తారు రోడ్డుకు తగినట్టు రూపుదిద్దుకుంది. బేరింగులు వృథాను తగ్గించాయి, గేర్లు భారాన్ని మోటారుపైకి జరిపాయి, మోటారు బ్యాటరీపైకి, వేగం టైర్ల పైకి జరిపాయి. ఏ యంత్రంలోనైనా అన్నిటికంటే బలహీనమైన చోటును గుర్తించడమే మెరుగుదలకు తొలి పని.

ఆలోచించండి, చేసి చూడండి

1. 70 పళ్ళ పెద్ద గేరు, 25 పళ్ళ చిన్న గేరు వాడితే మొత్తం నిష్పత్తి ఎంత? అదే మోటారుతో వేగం ఎంత?
2. మీ సైకిలును పరిశీలించండి. దానిలో బాల్ బేరింగులు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఏది ముందుగా అరిగింది, ఎందుకు?
3. క్రికెట్ బ్యాటు కొలతలకు ఉన్న నియమాలను, స్టాక్ తరగతి నియమాలను పోల్చండి. హద్దులు ఆటను కాపాడుతాయా, కట్టివేస్తాయా? మీ అభిప్రాయాన్ని ఒక పుటలో రాయండి.